నివురు గప్పిన నిప్పు

గోదావరి ప్రాంతమునుండి ఒక సోదరీమణి మాకు జాబు వ్రాసిరి. వారి అత్తగారికి అరువదియెనిమిది ఏండ్లు. రెండు సంవత్సరములుగా మోకాళ్లును చేతివ్రేళ్ల కణుపులును వాచి, తెల్లవారి లేచునప్పటికి పిడికిలి విడిపోక, చెంబు పట్టుకొనుటకే కష్టపడుచున్నారట. పట్టణమున ఒక మందుల దుకాణమువాడు సీసా యొకటి చేతికిచ్చి, “ఇది ఆక్సీకరణమును అణచు మందు, ఒంటిలోని నిప్పును ఆర్పివేయును” అని చెప్పి 900 రూపాయలు పుచ్చుకొనెనట. నెలకొక సీసా చొప్పున మూడు సీసాలు ముగిసినవి. నాలుగవ దానికి పిల్లవాని బడి జీతము కొరకు దాచిన సొమ్ము తీయవలసి వచ్చినది. తీయవలెనా, వద్దా యని ఆమె ప్రశ్న.

ఒక్క మాటలో ప్రత్యుత్తరమీయవచ్చును. కాని ఒక్క మాటతో సరిపుచ్చినచో దుకాణమువాని మాటకును మా మాటకును భేదమేమి? అందుచేత ఈ మాసము మాకు కేటాయించిన పుటలన్నియు ఆ నిప్పునకే వినియోగించుచున్నాము. మేము తండ్రిగారి యొద్ద చదివినది కావ్యములు, అమరము, కొంత వైద్యము. రసాయనశాస్త్రము మా వారి అలమారులోనిది. తెలియని చోట వారిని అడిగితిమి. వారికిని తోచని చోట, రాత్రి భోజనములైన పిదప, ఇరువురమును దీపము ముందు కూర్చుండి చదివితిమి.

మొదట ఆక్సీకరణ మనగా నేమో చూతము. ఇనుప అట్లకాడ తడిసి త్రుప్పు పట్టును. పొయ్యిలో కట్టె మండి బూడిద యగును. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడును. చూచుటకు మూడును వేరువేరు పనులు; లోన జరుగునది ఒక్కటే. ప్రతి పదార్థమునందును ఎలక్ట్రానులను సూక్ష్మకణములు కలవు. ఒక పదార్థము తన ఎలక్ట్రానును పోగొట్టుకొనుట ఆక్సీకరణము; దానిని మరియొకటి గ్రహించుట క్షయకరణము. పుచ్చుకొనువాడు లేనిదే దానము లేదు గదా! అట్లే ఈ రెండును ఎన్నడును విడిగా జరుగవు. ఇచట మాకొక చిక్కు కలిగినది. ఎలక్ట్రాను లాభము పొందినదానికి క్షయమను పేరేమిటి? పూర్వము ఖనిజమును కాల్చి లోహముగా మార్చునపుడు అందలి ప్రాణవాయువు తొలగి బరువు తగ్గెడిది. ఆ తగ్గుదలను బట్టి పడిన పేరట. పేరు పాతది, అర్థము క్రొత్తది.

రాగిచెంబును చింతపండుతో తోముట క్షయకరణమే యని మేము కొన్నాళ్లు తలచితిమి. మా వారు నవ్వి, చింతపండులోని పులుపు చిలుమును కరగించి తీసివేయునే గాని దానిని మరల రాగిగా మార్చదని చెప్పిరి. తోమిన కొలదిని చెంబు అరుగుట అందుకే.

ఇక వాపు. రోమక దేశపు సెల్సస్ అను గ్రంథకర్త రెండువేల ఏండ్ల నాడే దీనికి నాలుగు లక్షణములు చెప్పెను: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. మన సుశ్రుతుడు వ్రణశోథమును ఆమము, పచ్యమానము, పక్వము అని మూడు దశలుగా విభజించెను. ఇరువురును కన్నులతో చూచి, చేతితో తాకి చెప్పిన మాటలవి. రక్తనాళములు విప్పారుటచే ఎరుపును వేడియు, వానిలోని నీరు బయటికి ఊరుటచే వాపును, నరములు రేగుటచే నొప్పియు కలుగును. ఇదంతయు శరీరము తన్ను తాను కాపాడుకొనుటకు చేయు ప్రయత్నమే. పుండు మానుటకు శోథము కావలెను. మానిన పిదప అది పోవలెను. పోకుండుటయే రోగము, మన సోదరి అత్తగారి వ్రేళ్లలో నున్నది అదే.

మా పెద్దవాడు మొన్న అరుగుమీదనుండి దూకి మోకాలు చెక్కుకొని వచ్చెను. ఇంటిలో ఎప్పటిదో హైడ్రోజన్ పెరాక్సైడు సీసా యొకటి యున్నది. గాయముమీద పోయగానే తెల్లని నురుగు పొంగినది, వాడు కెవ్వుమనెను. నెత్తురునందును కండయందును ఉన్న కాటలేజు అను ఎంజైము ఆ ద్రవమును తాకినంతనే దానిని నీరుగను ప్రాణవాయువుగను విడగొట్టును. ఆ వాయువే నురుగు. మేము ఆ నురుగును చూచి, గాయము శుభ్రపడుచున్నదని సంతోషించితిమి. తరువాత చదివిన దేమనగా, ఆ ద్రవము క్రొత్తగా పుట్టుచున్న చర్మకణములను కూడ చంపునట. మంచినీరు ధారగా పోసి కడిగిన చాలునని ఇప్పటి వైద్యుల మతము. సీసా దాచివేసితిమి.

చిత్రమైన సంగతి యింకొకటి కలదు. మనము సీసాలో కొనితెచ్చిన ఆ పెరాక్సైడునే గాయపడిన చర్మము తనంతట తాను పుట్టించుకొనును! దీనిని మొదట కన్నులార చూచినది ఒక చిన్న చేపలో. గంగానదీ పరీవాహమున పుట్టిన చారల చేప యొకటి కలదు. దానిని జీబ్రా చేప యందురు. దాని పిల్ల గాజువలె పారదర్శకముగా నుండును గనుక లోన జరుగునది సూక్ష్మదర్శినితో చూడవచ్చును. 2009వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిలిప్ నీట్‌హామర్, తిమోతి మిచిసన్ ప్రభృతులు ఆ చేపపిల్ల తోక అంచును కత్తిరించి చూచిరి. కొలది నిమిషములలోనే కోత అంచుననున్న కణములు హైడ్రోజన్ పెరాక్సైడును వెలువరింప మొదలిడినవి. ఇరువది నిమిషములకు అది హెచ్చుస్థాయి నందినది. అంచున మెండుగాను, లోనికి పోయిన కొలదిని పలుచగాను వ్యాపించినది. ఆ మీదటనే తెల్లకణములు గాయమునకు పరుగెత్తి వచ్చినవి. పెరాక్సైడును పుట్టించు ఎంజైమును అడ్డగించి చూడగా వచ్చు తెల్లకణముల సంఖ్య తగ్గిపోయినది. కనుక అది ఆ చోట విషము కాదు, పిలుపు. వంటయింట పోపు వేగిన వాసన వీధి అరుగుమీది వారిని లోనికి పిలుచునట్లు, ఎటు హెచ్చుగా నున్నదో అటు నడిపించు పిలుపు.

పరిమాణము మాత్రము మరువరాదు. మన సీసాలోనిది గాయపు అంచున పుట్టినదానికంటె పదివేల రెట్లకు మించిన చిక్కదనము కలది. పిలుచుటకు వేసిన కేకకును చెవిలో ప్రేల్చిన టపాకాయకును ఎంత భేదమో అంత.

ఆ పిలుపును కణము ఎట్లు వినును? ఇచట గంధకము ప్రవేశించును. వెండ్రుక కాలినపుడు వచ్చు కంపు మనకందరకు తెలిసినదే. అది చాలవరకు గంధకపు కంపు. మాంసకృత్తులలో సిస్టీను అను భాగమునందు గంధకము కలదు. వెండ్రుకలో ఒక సిస్టీను గంధకము ప్రక్క సిస్టీను గంధకముతో చేయి చేయి పట్టుకొనియుండును. వెండ్రుక గట్టిదనమునకు ఆ పట్టు ఒక కారణము. పట్టణములలో జుట్టుకు నొక్కులు పెట్టువారు చేయునది కూడ ఇదే. మొదట క్షయకరణము చేయు మందు రాసి ఆ చేతులను విడిపింతురు. జుట్టును కావలసిన వంపునకు చుట్టి, పిదప పెరాక్సైడు రాసి చేతులను మరల కలుపుదురు. నొక్కు నిలిచిపోవును. సోదరీమణులలో ఎవరైన అటువంటి నొక్కులు పెట్టించుకొనియున్నచో, ఈ పుటలోని శాస్త్రమంతయు వారి తలమీదనే జరిగినదని తెలిసికొందురు గాక.

జీవకణములోపల జరుగునదియు ఇట్టిదే గాని, అది నిమిషములలో కలిసి నిమిషములలో విడిపోవును. కొన్ని మాంసకృత్తులలోని సిస్టీను గంధకము మిక్కిలి సున్నితమైనది. పెరాక్సైడు తగిలినంతట అది ఆక్సీకరణమునకు లోనై, దాని రూపము మారి, దాని పని ఆగుటయో మొదలగుటయో జరుగును. చేపపిల్ల తెల్లకణములలో లిన్ అను మాంసకృత్తు ఇట్లే పిలుపును గుర్తుపట్టుచున్నదని 2011లో కనుగొనిరి. మరియొక విధము చూడుడు. కణములో వార్త సాగవలెనన్నచో మాంసకృత్తులమీద భాస్వరపు ముద్రలు పడవలెను. ముద్రవేయు ఎంజైములు కొన్ని, తుడిచివేయు ఎంజైములు కొన్ని. తుడుచువానిలో ఒక జాతి ఎంజైములకు సిస్టీనే చేయి. పెరాక్సైడు తగులగానే ఆ చేయి కొంతసేపు మొద్దుబారును. తుడుచువారు లేమిచే ముద్ర నిలుచును. వార్త ముందునకు పోవును. పిమ్మట గ్లూటాథయోను, థయోరెడాక్సిను అను రెండు క్షయకారకములు వచ్చి గంధకమునకు పూర్వరూప మిచ్చును. చేయి మరల ఆడును. వార్త ఆగును.

ఇప్పుడు కథకు ముఖ్యుడు. 1986వ సంవత్సరమున అమెరికాలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోరు అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక మాంసకృత్తును కనుగొని దానికి ఎన్.ఎఫ్. కప్పా-బి యని పేరిడిరి. నోరు తిరుగుటకు కష్టము గనుక మనము వార్తాహరుడని పిలుచుకొందము. సామాన్యముగా ఇతడు కణముయొక్క బయటి భాగమున కావలివాని చేతిలో బంధింపబడి యుండును. సూక్ష్మజీవులు చొరబడినవనియో, గాయమైనదనియో తెలిసినపుడు కావలివానిమీద భాస్వరపు ముద్ర పడును. ముద్రపడిన కావలివానిని కణము ముక్కలు చేసివేయును. విడుదలైన వార్తాహరుడు కేంద్రకములోనికి పోయి, డి.ఎన్.ఏ. యను మూలగ్రంథమున తగిన చోట పట్టుకొని నిలిచి, శోథమునకు కావలసిన మాంసకృత్తుల తయారీకి ఆజ్ఞ యిచ్చును. ఎరుపు, వాపు, వేడి, నొప్పి యను నాలుగును చాలవరకు ఆ ఆజ్ఞల ఫలములే.

1991లో జర్మనీ దేశమున కొన్ని జాతుల కణములమీద పెరాక్సైడు చల్లి చూచిరి. వార్తాహరుడు విడుదల యయ్యెను. అంతట లోకమంతయు, ఆక్సీకరణమే శోథమునకు తల్లి, దానిని అణచిన శోథము అణగును, అని తలపోసినది. దుకాణమువాని సీసాకు వేరు అచటనే కలదు. అసత్యము కాదు, సగము సత్యము. సగము సత్యముతో వచ్చు చిక్కేమనగా, దానిని అమ్ముట మిక్కిలి సులభము.

రెండవ సగము ఇది. కేంద్రకములోనికి పోయిన వార్తాహరుడు డి.ఎన్.ఏ.ను పట్టుకొనవలెనన్నచో అతని చేతిలోని ఒక సిస్టీను క్షయకరణము పొందియుండవలెను. అది ఆక్సీకరణము పొందియున్నచో పట్టు చిక్కదు. వచ్చినవాడు వచ్చినట్లే నిలుచును, ఆజ్ఞ వెలువడదు. 1990ల ఆరంభమున ఈ సంగతి బయటపడినది. ఆ సిస్టీనును శుద్ధిచేసి యిచ్చునది థయోరెడాక్సినే. అనగా వాకిట ఆక్సీకరణము తలుపు తెరువవచ్చును. గర్భగృహమున క్షయకరణమే దీపము వెలిగించును. ఒకే వార్తకు ఒకచోట అదియు, ఒకచోట ఇదియు కావలెను. అంతేకాదు, పెరాక్సైడు మితిమీరినచో కావలివానిమీద ముద్రవేయు ఎంజైమే దెబ్బతిని, విడుదల నిలిచిపోవుటయు కలదు. జాతిభేదమును బట్టి కొన్ని కణములు పెరాక్సైడునకు అసలు చలింపనే చలింపవు. ఇంత చిక్కుగల నేతలో ఒక పోగును పట్టి లాగి, బట్ట సరియగునని చెప్పుట యెట్లు?

ఇది చదివిన రాత్రి మేము చాల సేపు పుస్తకము మూయలేకపోతిమి. మంచి చెడ్డలను రెండు గంపలలో వేరుచేసి పెట్టుకొనుట మనకు అలవాటు. ఆక్సీకరణము చెడ్డ గంపలో, దానిని అణచునది మంచి గంపలో. కణము అట్టి గంపలు ఎరుగదు. ఎచట, ఎంత, ఎంతసేపు అను మూడే దాని లెక్క. వంట వచ్చిన ఆడుదానికి ఈ లెక్క చెప్పనక్కరలేదు.

కణము తన నిప్పును అదుపున నుంచుకొను విధమును చూచినచో ఇంకను ఆశ్చర్యము కలుగును. గ్లూటాథయోను అనునది మూడు చిన్న ముక్కలతో కూర్చిన పదార్థము. 1921లో ఇంగ్లండున హాప్కిన్సు దానికి ఆ పేరు పెట్టెను. ప్రతి కణమునందును అది సమృద్ధిగా నుండి, పెరాక్సైడును ఎప్పటికప్పుడు నీరుగా మార్చు ఎంజైములకు తోడ్పడును. తాను చెడిపోయిన పిదప మరల బాగుపడుటకు దానికి ఎలక్ట్రానులు కావలెను. అవి ఎచటనుండి వచ్చును? మనము తిన్న అన్నమునుండి. చక్కెర విరుగునపుడు పుట్టు ఎన్.ఏ.డి.పి.హెచ్. అను పదార్థము ఆ ఎలక్ట్రానులను మోసికొని తెచ్చును. తమాషా యేమనగా, తెల్లకణములు సూక్ష్మజీవులను కాల్చుటకు నిప్పు రాజేయునపుడును ఖర్చుపెట్టునది ఈ ఎన్.ఏ.డి.పి.హెచ్.నే! నిప్పు కొనుటకును నీరు కొనుటకును కణమునకు ఒకటే నాణెము.

దీనికితోడు ఒక జంట కలదు: కీప్-1, ఎన్.ఆర్.ఎఫ్.-2. రెండవది ఇంటి సామగ్రియంతయు తెప్పించగల గృహిణి వంటిది. గ్లూటాథయోను తయారుచేయువానిని, విషములను కడిగివేయువానిని, ఇట్టివి అనేకములను ఒక్క ఆజ్ఞతో పుట్టింపగలదు. మొదటిది దానిని పట్టి, పుట్టినది పుట్టినట్లు నశింపజేయుచుండును. సాధారణకాలమున అరగంట బ్రతుకుటయు దానికి దుర్లభము. కాని కీప్-1 దేహమునందును సున్నితమైన సిస్టీనులు కలవు. నిప్పు వేడి తగిలినంతట ఆ సిస్టీనులు మారి, పట్టు సడలి, ఎన్.ఆర్.ఎఫ్.-2 నిలదొక్కుకొనును, కేంద్రకమునకు పోయి నిప్పునార్పు పరివారమునంతటిని మేలుకొల్పును. శోథమును హెచ్చించు కొన్ని ఆజ్ఞలను అది నేరుగా అడ్డగించునని కూడ 2016లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. చూచితిరా? మేలుకొలుపు వచ్చునది నిప్పునుండియే. ఆ చిన్న వేడిని మనము బయటినుండి ముందే ఆర్పివేసినచో మేలుకొనవలసినవారు నిద్రపోవుచునే యుందురు.

ఇది వట్టి తర్కమని ఎవరైన అందురేమో. తర్కము కాదనుటకు కొందరు బిడ్డలే సాక్ష్యము. 1957లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు కొందరు మగపిల్లలను గూర్చి వ్రాసిరి. ఆ పిల్లలకు మాటిమాటికి చీముగడ్డలు లేచును; ఊపిరితిత్తులయందును కాలేయమునందును పుండ్లు పడును; చిన్నతనముననే ప్రాణములు పోవుచుండెను. పది సంవత్సరముల పిదప కారణము తెలిసినది. వారి తెల్లకణములు సూక్ష్మజీవిని మ్రింగగలవు గాని, దానిని కాల్చుటకు నిప్పు పుట్టింపలేవు. ఆ ఎంజైమే పుట్టుకతో లోపించినది. క్రానిక్ గ్రాన్యులొమాటస్ వ్యాధి యని దాని పేరు. సుమారు రెండు లక్షల జననములలో ఒకరికి వచ్చునందురు. నిప్పు లేనప్పుడు సూక్ష్మజీవులు చావకుండుట మనకు అర్థమగును. కాని ఆ పిల్లలలో శోథము తగ్గుటకు మారు హెచ్చియుండును! సూక్ష్మజీవి కనబడని చోట గూడ గడ్డలు కట్టును. ప్రేగులు వాచి పుండ్లు పడును. వాపు ఒకసారి మొదలిడిన ఆగదు. నిప్పు లేని యింట వాపునకు ముగింపు చెప్పువారు కరవైరి. ఆక్సీకరణమే శోథమునకు మూలమైనచో ఆ బిడ్డలకు ఏ వాపును ఉండరాదు గదా! ఆ తల్లుల మాట తలచుకొన్నపుడు, నిప్పంతయు ఆర్పెదనను సీసా చేతికి తీసికొనుటకు మాకు మనసొప్పదు. ఇప్పుడు సూక్ష్మజీవులను అణచు మందులు నిత్యము ఇచ్చియు, తగిన దాత దొరకినచో మూలుగ మార్చియు ఆ పిల్లలను చాలమందిని పెద్దవారిని చేయుచున్నారు.

బిళ్లల సంగతికి వత్తము. ఫిన్లాండు దేశమున పొగత్రాగు పురుషులు 29,133 మందికి కొన్నేండ్లపాటు బీటా-కెరోటీను, విటమిను ఇ బిళ్లలిచ్చి పరీక్షించిరి. కారెట్టు దుంపకు రంగునిచ్చు పదార్థమే బీటా-కెరోటీను. ఆక్సీకరణమును అణచునని పేరుపొందినది. 1994లో ఫలితము వెల్లడియైనది. అది తినని వారిలో వందమందికి ఊపిరితిత్తుల కాన్సరు వచ్చిన యెడల, తిన్నవారిలో 118 మందికి వచ్చినది. అమెరికాలో జరిగిన ఇట్టి మరియొక పరీక్షను 1996లో మధ్యలోనే నిలిపివేసిరి. అచట హెచ్చు ఇంకను అధికము. 2009లో జర్మనీ దేశమున వ్యాయామము చేయు యువకులకు విటమిను సి, ఇ బిళ్లలిచ్చి చూడగా, వ్యాయామముచే కలుగవలసిన మేలులో ముఖ్యమైన భాగము, అనగా రక్తమందలి చక్కెరను వాడుకొను శక్తి పెరుగుట, ఆ బిళ్లలు తిన్నవారిలో కలుగలేదు. కండరము అలసినపుడు పుట్టు ఆ చిన్న నిప్పే మేలునకు పిలుపు కాబోలు.

బిళ్లవలన గాయపు పెరాక్సైడు ఏల ఆరదనియు కొందరడుగుదురు. కణములో పెరాక్సైడును పట్టుటకే పుట్టిన ఎంజైములు కలవు. వానితో పోల్చిన విటమిను సి పెరాక్సైడుతో కలియు వేగము లక్షల వంతులు తక్కువ. పరుగుపందెమున గుఱ్ఱములు గమ్యము చేరిన పిదప బయలుదేరు నత్త వంటిది. విటమిను సి మనకు అక్కరలేదని కాదు సుమా! అది లేనిదే చిగుళ్లు నెత్తురోడును, పుండ్లు మానవు. కాని దాని పని వేరు, ఆ పనికి జామకాయయో ఉసిరికాయయో చాలును.

ఇక పసుపు. పసుపు మాట లేనిదే మన ఆడువారికి ఈ వ్యాసము వ్యాసమే కాదు. పసుపులోని కర్క్యుమిను గాజుపళ్లెములలోని కణములమీద వార్తాహరుని అడ్డగించునని 1995లో ప్రకటింపబడిన మాట నిజము. కాని మనము తిన్న కర్క్యుమిను రక్తమునకు చేరునది అత్యల్పము. చేరినదియు త్వరగా మారిపోవును. పళ్లెములో జరిగినది ఒంటిలో జరుగునని చెప్పుటకు తగిన ఆధారము లేదు. కూరలో వేసికొందము, కాళ్లకు రాసికొందము. సీసాలో కొనుట మాత్రము అక్కరలేని పని.

బంగారమును గూర్చియు ఒక మాట. 1929లో ఫ్రాన్సు దేశపు ఫారెస్టియర్ అను వైద్యుడు కీళ్లవాతమునకు బంగారు లవణములను సూదిమందుగా ఇచ్చెను. చాలమందికి వాపు తగ్గినది. కొందరికి మూత్రపిండములు చెడినవి. బంగారముతో చేసిన ఔరానోఫిను అను మాత్ర 1985లో అమెరికాలో వాడుకకు వచ్చినది. అది పట్టుకొనునది థయోరెడాక్సినును బాగుచేయు ఎంజైమునే! మరియొక మందు డైమిథైల్ ఫ్యుమరేటు; 2013లో నరములకు సంబంధించిన మల్టిపుల్ స్క్లెరోసిసు అను వ్యాధికి అనుమతింపబడినది; అది కొంతవరకు కీప్-1 సిస్టీనును గిల్లి ఎన్.ఆర్.ఎఫ్.-2ను మేలుకొల్పుటచే పనిచేయును. ఈ రెండును నిప్పును ఆర్పునవి కావు. ఒకటి క్షయకరణపు పనివానినే పట్టుకొనును, ఒకటి గిల్లి లేపును. చేతి గాజులలోని బంగారము మాత్రము ఒంటిలో కరగదు. దానివలన కీళ్లకు ఏమియు కలుగదు. ఈ మాట గిట్టని వారు మమ్ము క్షమింతురు గాక.

సోదరీ! నాలుగవ సీసా కొనకుడు. పిల్లవాని జీతము కట్టివేయుడు. ఆ సొమ్ములో కొంత మిగిలిన, అత్తగారిని కీళ్లవ్యాధులు చూచు వైద్యుని యొద్దకు తీసికొని పొండు. ఉదయమున వ్రేళ్లు ముడుచుకొనియుండుట గంటకు మించి యున్నదా? రెండు చేతుల కణుపులును ఒక్కతీరున వాచినవా? ఈ రెండును వైద్యునకు చెప్పుడు. అట్లున్నచో అది వయసుచే వచ్చిన అరుగుదల కాక, శరీరమే తన కీళ్లపై నిప్పు రాజేయు రుమటాయిడు వ్యాధి కావచ్చును. ఆలస్యమైన కొలదిని ఎముక తినివేయబడును. మూడు నెలలు సీసాకు పోయినవని మాకు బాధ కలుగుచున్నది, 2,700 రూపాయలు పోయినందుకు కాదు.

ఆ వ్యాధి యని తేలినచో, వైద్యుడు బహుశః మెథోట్రెక్సేటు అను మాత్ర వ్రాయును. మీ భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనలనుండి వెలువడిన మందు అది. మొదట కాన్సరునకు వాడినది. 1988లో అమెరికాలో కీళ్లవ్యాధికిని అనుమతించిరి. ఆ మాత్ర విషయమున ఒక్క జాగ్రత్త. వారమున కొక్క దినమే వేయవలెను. మరచి దినదినము వేసినచో ప్రాణాపాయము. వేయు దినమును గోడమీది క్యాలెండరులో ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టుడు, మాత్రల పొట్లము మీ చేతిలోనే ఉంచుకొనుడు. ఆమె ఇదివరకే రక్తము పలుచబడు మందు వాడుచున్నచో, ఇంట మిగిలిన సీసాలో విటమిను ఇ ఎంత కలదో వైద్యునకు చూపుడు. అది మితిమీరిన నెత్తురు కారుట హెచ్చును.

వైద్యుడు ఏమి చెప్పెనో, ఉదయమున చెంబు పట్టుకొనుట ఎట్లున్నదో, పై నెల జాబున మాకు వ్రాయుడు. మా వాని మోకాలు మానినది. పొక్కు ఊడి, క్రింద లేతచర్మము కనబడుచున్నది. నిన్న సాయంకాలము మరల అదే అరుగెక్కెను.